వన్స్ మోర్ ఒప్పుకోని మనిషి

(ఒక సంగీత సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాశ్చాత్య సంగీతంలో కండక్టర్ చేసే పని గురించి మాట్లాడమని నన్ను అడిగారు. పని గురించి మాత్రమే చెబితే అది పాఠంలా తయారై, మీలో సగం మంది కాఫీకి లేస్తారు. ఒక మనిషి జీవితం చెప్పుకుంటే పని కూడా దానితోపాటే తెలుస్తుంది. అందుకని ఆర్తురో టోస్కనీనీని ఎంచుకున్నాను. 1867 మార్చి 25న ఇటలీలోని పార్మాలో ఒక దర్జీ ఇంట్లో పుట్టాడు. తండ్రి ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గారిబాల్డీ సైన్యంలో ఎర్రచొక్కా తొడుక్కుని పోరాడినవాడు. కొడుకు 1886లో కర్ర పట్టుకుని ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డాడు. దాన్ని కింద పెట్టింది 1954లో. లెక్క వేసుకోండి, అరవై ఎనిమిదేళ్ళు.

ఈ రంగం కొత్తవారి కోసం రెండు మాటలు. మన కచేరీలో గాయకుడు దారి చూపిస్తే వయొలిన్, మృదంగం ఆయన ముఖం చూస్తూ నడుస్తాయి. నలుగురైదుగురి మధ్య కంటిచూపు చాలు. వేదిక మీద వందమంది ఉంటే చాలదు. పైగా ఒక్కొక్కరి ముందున్న కాగితంలో వాళ్ళు వాయించవలసిన భాగం తప్ప పక్కవాడిది ఉండదు. అందరి భాగాలూ ఒకదాని కింద ఒకటి పేర్చి రాసిన పుస్తకాన్ని స్కోరు అంటారు. అది కండక్టర్ దగ్గర ఉంటుంది. ఎవరు ఎప్పుడు అందుకోవాలి, ఎంత గట్టిగా, ఎంత వేగంగా అన్నది ఆయన తేల్చాలి. తాను మాత్రం ఒక్క స్వరమూ మోగించడు. అసలు పనంతా రిహార్సల్ గదిలో జరిగిపోతుంది. కచేరీ రోజున మనకు కనిపించేది ఆయన వీపు.

టోస్కనీనీకి ఆ స్థానం అల్లరి మధ్య దొరికింది. పార్మా సంగీత విద్యాలయంలో చెల్లో, అంటే వయొలిన్ జాతికే చెందిన పెద్ద వాద్యం, నేర్చుకుని, 1885లో మొదటి శ్రేణిలో బయటికొచ్చి, మరుసటి ఏడు దక్షిణ అమెరికా వెళ్తున్న ఒక ఒపేరా (పాటలతో నడిచే నాటకం) బృందంలో చేరాడు. చెల్లో వాయించడం, బృందగాయకులకు పాఠం చెప్పడంలో సాయపడటం ఆయన పని. బ్రెజిల్ వాడైన కండక్టర్‌కూ ఇటాలియన్ గాయకులకూ పడలేదు. ఆయన తప్పుకుని, తప్పంతా ఇటాలియన్లదేనని పత్రికకు ఎక్కించాడు. జూన్ 30 రాత్రి రియో డి జనీరోలో ఇటలీ స్వరకర్త వెర్ది ఒపేరా ‘ఐదా’. బదులుగా వచ్చిన కండక్టర్‌ను జనం ఈలలు వేసి దింపేశారు. ఇంకొకరు ఎక్కారు, ఆయన్నీ దింపేశారు. ఇక ఆట రద్దు చేసి టికెట్ల డబ్బు తిరిగివ్వాలి. అప్పుడు బృందంలో ఎవరికో గుర్తొచ్చింది, చెల్లోల వరుసలో కూర్చున్న పంతొమ్మిదేళ్ళ కుర్రవాడికి ఒపేరాలు కంఠతా వచ్చని. ముందుకు తోశారు. కుర్రవాడు స్కోరు తెరవకుండా కర్ర ఎత్తాడు. ఏమిటీ వింత అని జనం నోరు మూసుకునేలోపు సంగీతం మొదలైపోయింది. ఆ రాత్రే కాదు, మిగిలిన సీజనంతా ఆయనే నడిపాడు.

ఈ కంఠతా వ్యవహారం వెనుక ఒక అవసరం కూడా ఉంది. ఆయనకు దూరపు చూపు బాగా తక్కువ. స్కోరు చూడాలంటే ముక్కు దానికి ఆనించాలి. అందుకని జీవితాంతం అన్నీ జ్ఞాపకంలోంచే నడిపాడు. సంగీతకారులు చెప్పుకునే కథ ఒకటుంది. కచేరీకి ముందు ఒక వాద్యకారుడు పరుగెత్తుకొచ్చి, నా వాద్యంలో అట్టడుగు స్వరం మీట విరిగిపోయిందండీ అన్నాడట. టోస్కనీనీ కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, ఫరవాలేదు, ఈ రాత్రి నీకు ఆ స్వరం రాదులే అన్నాడట. ఆ ఒక్క వాద్యం భాగాన్ని అన్ని రచనల్లోనూ మొదటినుంచి చివరిదాకా ఆ కాసేపట్లో మనసులో తిరగేశాడన్నమాట.

నాకు రియో కథకన్నా దాని తర్వాతి కథ ఎక్కువ ఇష్టం. ఇటలీకి తిరిగొచ్చాక 1886 నవంబరులోనే ట్యూరిన్‌లో ఒక ఒపేరా నడిపి మెప్పు పొందాడు. ఇంకొకరైతే ఇక వెనక్కి తిరిగి చూడరు. ఈయన తిరిగి చెల్లో పట్టుకుని మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలలో రెండో చెల్లోగా చేరాడు. 1887 ఫిబ్రవరి 5న అక్కడ వెర్ది ‘ఒథెల్లో’ మొదటిసారి ప్రదర్శిస్తున్నారు. డెబ్బై మూడేళ్ళ వెర్ది స్వయంగా రిహార్సల్స్ చేయిస్తున్నాడు. ఆయన ఏం చెబుతాడో, ఎలా చెబుతాడో దగ్గరనుంచి చూడాలి, అంతే. మొదటి అంకం చివర నాలుగు చెల్లోలు మాత్రమే వాయించే చోటు ఒకటుంది. మెల్లగా వాయించమని స్కోరులో ఉంది కనుక కుర్రవాడు మెల్లగానే వాయించాడు. వెర్ది దిగివచ్చి, రెండో చెల్లో, మరీ మెల్లగా వాయిస్తున్నావు, కాస్త గట్టిగా, అన్నాడు. అచ్చులో ఉన్న గుర్తుకూ, రాసినవాడి మనసులో ఉన్న నాదానికీ మధ్య ఎంత సందు ఉంటుందో ఆయన నేర్చుకున్నది ఆ కుర్చీలో.

అలాంటిదే ఇంకోటి జరిగింది. వెర్ది రాసిన భక్తి రచనలను 1898లో ట్యూరిన్‌లో నడపబోతూ ఆయనను కలవడానికి వెళ్ళాడు. పియానో మీద వినిపిస్తుండగా ఒకచోట కొంచెం నెమ్మదించాడు. అక్కడ నెమ్మదించమని రాసి లేదు. వెర్ది కోప్పడలేదు సరికదా, సరిగ్గా చేశావన్నాడు. మరి మీరు రాయలేదేమని అడిగితే, రాసి ఉంటే కండక్టర్లు దాన్ని సాగదీసి చంపేసేవాళ్ళు అన్నాడు. టోస్కనీనీ పేరు చెప్పగానే ‘రాసింది రాసినట్టు వాయించే మనిషి’ అని అంటుంటారు. ఆ ముద్ర నాకు పూర్తిగా నచ్చదు. రాయనిది కూడా వినగలిగాడు కనుకనే ఆయనకు రాసినదాని మీద అంత పట్టు వచ్చింది.

1896 ఫిబ్రవరి 1న మరో ఇటలీ స్వరకర్త పుచ్చీనీ ఒపేరా ‘లా బోయెమ్’ మొదటి ప్రదర్శన నడిపింది ఈయనే. 1898లో లా స్కాలా సంగీత బాధ్యత మొత్తం ఈయన చేతికి వచ్చింది. అక్కడ మొదలుపెట్టాడు అసలు గొడవ. అప్పటి ఇటలీ ఒపేరా శాల ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే మన పద్యనాటకాల రోజులు గుర్తు తెచ్చుకోండి. కృష్ణుడు పద్యం అందుకుంటాడు, రాగం తీస్తాడు, జనం వన్స్ మోర్ అంటారు, రాయబారం మధ్యలో కృష్ణుడు మళ్ళీ మొదటికొస్తాడు. అక్కడా అంతే. పాట బాగుంటే మళ్ళీ పాడించేవారు. హాల్లో దీపాలు వెలుగుతూ ఉండేవి, ఎవరెవరు వచ్చారో చూసుకోవాలి కదా. ఆడవాళ్ళ టోపీలు వెనకవాళ్ళకు అడ్డం. టోస్కనీనీ దీపాలు ఆర్పించాడు, టోపీలు తీయించాడు, మళ్ళీ పాడటం లేదన్నాడు. నాటకం ఒక కథ, మధ్యలో ఆపి ఒక ముక్క రెండుసార్లు తింటామంటే కుదరదని ఆయన వాదన. మన సురభి నటులకు ఈ వాదన నచ్చేది కాదేమో. నాకైతే ఇటు సగం, అటు సగం నచ్చుతుంది.

1903లో సీజను చివరి రాత్రి ఒక టెనర్ (హెచ్చు శ్రుతిలో పాడే మగ గాయకుడు) పాటకు జనం మళ్ళీ మళ్ళీ అని గోల పెట్టారు. ఎంతకీ ఆగలేదు. టోస్కనీనీ ఆట మధ్యలో కర్ర వదిలేసి ఇంటికెళ్ళిపోయాడు, ఆనక బ్యూనస్ ఎయిర్స్ ఓడ ఎక్కాడు. మూడేళ్ళు లా స్కాలా గడప తొక్కలేదు. ఈ రాత్రిని కాస్త గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో 1908 నుంచి 1915 దాకా గడిచిన ఏళ్ళ గురించి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. 1910 డిసెంబరు 10న పుచ్చీనీ కొత్త ఒపేరాను కరూసో ముఖ్య గాయకుడిగా అక్కడ మొదటిసారి వినిపించాడు. డబ్బు, పేరు, ప్రేమకథలు అన్నీ అక్కడ ఉన్నాయి. ప్రేమకథల మీద ఆసక్తి ఉన్నవారికి వేరే పుస్తకాలున్నాయి.

ఆయన కోపం గురించి మాత్రం దాటవేయకూడదు. రిహార్సల్స్‌లో రహస్యంగానో బాహాటంగానో తీసిన టేపులు ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. స్కోర్లు విసరడం, కర్రలు విరవడం, సిగ్గు లేదా అని గొంతు బొంగురుపోయేలా అరవడం, మధ్యమధ్యలో పాడండి, పాడండి అని బతిమాలడం. జేబు గడియారం నేలకేసి కొడుతున్నాడని వాద్యకారులు చవకరకం గడియారం కొనిచ్చి, దాని మీద ‘రిహార్సల్స్ కోసం మాత్రమే’ అని చెక్కించారని కూడా అంటారు. ఇలాంటి కథలు విని మనం నవ్వుకుంటాం. 1919లో ట్యూరిన్‌లో జరిగినదానికి నవ్వలేం. రిహార్సల్‌లో ఒక వయొలిన్ వాద్యకారుడి కమాను విరిచేస్తే అది అతని ముఖానికి తగిలింది. విషయం కోర్టుదాకా పోయింది. కళావేశంలో ఉన్నప్పుడు మనిషి తన వశంలో ఉండడని వాదించి ఆయనను బయటపడేశారు. మన దగ్గరా గురువు గారి చెంపదెబ్బను ప్రసాదమని చెప్పుకునే అలవాటు ఉంది. ఆ దెబ్బ వల్లే సంగీతం బాగుపడిందని నేను నమ్మను. ఆయన చెవి వల్ల బాగుపడింది. చేతివాటం ఆ చెవికి తోడొచ్చిన రోగం.

ఇలాంటి నియంత బయట నియంతలను ఎదిరించాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్నదే నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

ముందు ఒక చేదు నిజం. 1919 నవంబరు ఎన్నికల్లో మిలాన్‌లో ముస్సోలినీ పెట్టిన అభ్యర్థుల జాబితాలో టోస్కనీనీ పేరు ఉంది. అప్పటి ఆ పార్టీ కార్యక్రమం రాజరికానికి వ్యతిరేకంగా, వామపక్షం వైపు మొగ్గుతూ ఉండేది. గారిబాల్డీ సైనికుడి కొడుక్కి అది నచ్చింది. జాబితా మొత్తం ఓడిపోయింది. ముస్సోలినీ దారి మార్చాడు, ఈయన తెగతెంపులు చేసుకున్నాడు. తిరుగుబాటుదారుగా పుట్టాడని చెప్పే జీవితచరిత్రలు ఈ పేజీని వేగంగా తిప్పేస్తాయి.

1922లో ముస్సోలినీ గద్దెనెక్కాక, లా స్కాలాలో వెర్ది ఒపేరా ‘ఫాల్‌స్టాఫ్’ జరుగుతుండగా ఫాసిస్టు కుర్రవాళ్ళు తమ పార్టీ పాట ‘జోవినెజ్జా’ వాయించమని కేకలు పెట్టారు. టోస్కనీనీ కర్ర విరిచి వెళ్ళిపోయాడు. చూశారా, 1903లో చేసిన పనే ఇది. అప్పుడు వన్స్ మోర్, ఇప్పుడు పార్టీ పాట. నా అభిప్రాయంలో ఆయన ప్రతిఘటన రాజకీయంగా మొదలవ్వలేదు. స్కోరులో లేనిది హాల్లో మోగకూడదన్న పట్టుదలగా మొదలైంది. టెనర్ అభిమానుల మాట వినని మనిషి నల్లచొక్కాల, అంటే ముస్సోలినీ ఫాసిస్టు దళాల, మాట ఎందుకు వింటాడు? ఆ పట్టుదల ఏ పాలకుడి ఇలాకాలోకి అడుగుపెడుతోందో ఆయనకు క్రమంగా తెలిసింది. తెలిశాక కూడా తగ్గలేదు, అక్కడే ఆయన గొప్పతనం.

1926 ఏప్రిల్ 25న ‘తురాన్‌దోత్’ మొదటి ప్రదర్శన. పుచ్చీనీ దాన్ని పూర్తి చేయకుండానే 1924లో చనిపోయాడు. ముస్సోలినీ వస్తానన్నాడు, వస్తే ‘జోవినెజ్జా’ వాయించాలి. అయితే కండక్టర్‌ను వేరే చూసుకోండి అని టోస్కనీనీ కబురు పెట్టాడు. నాటకశాల వారికి ఆయన కావాలి. ముస్సోలినీ రాలేదు. ఆ రాత్రి మూడో అంకంలో దాసి లియూ చనిపోయే ఘట్టం అవగానే సంగీతం ఆపి, జనం వైపు తిరిగి, ఇక్కడే స్వరకర్త కలం ఆగిపోయిందని చెప్పి తెర దింపించాడు. వేరొకరు పూర్తిచేసిన ముగింపును మరుసటి ప్రదర్శన నుంచి వినిపించారు. ఆ ముగింపు ఆయనకు నచ్చలేదు కూడా, అది వేరే సంగతి.

1931 మే 14, బొలోన్యా. స్వరకర్త మార్తూచ్చీ స్మారక కచేరీ. మంత్రులు వస్తున్నారు గనుక ముందు రాజగీతం, పార్టీ పాట వాయించాలన్నారు. స్మారక సభలో అవి కుదరవన్నాడు. సాయంత్రం భార్యతో కారు దిగుతుంటే నాటకశాల గుమ్మం దగ్గర నల్లచొక్కాల గుంపు చుట్టుముట్టింది. వాయిస్తావా లేదా? లేదు. ముఖం మీద కొట్టారు. ఆయన వయసు 64. హోటల్‌కు తిరిగివెళ్తే కిటికీల కింద చేరి బూతులు తిట్టారు, తెల్లవారేలోపు ఊరు విడవమన్నారు. ఆ రాత్రే కారులో మిలాన్‌కు వెళ్ళాడు. ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుని ఇంటి చుట్టూ కాపలా పెట్టింది. ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక పాస్‌పోర్టు తిరిగిచ్చారు. హంగరీలో స్వరకర్త బార్తోక్ నిరసన తీర్మానం రాశాడు. కండక్టర్ కౌసెవిట్స్కీ లా స్కాలాలో తన కచేరీలు మానుకున్నాడు.

జర్మనీతో తెగదెంపులు ఇంకా కష్టం. జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతమంటే ఆయనకు ప్రాణం. వాగ్నర్ కట్టించిన బైరాయిట్ ఉత్సవశాలలో 1930లో, 1931లో కర్ర పట్టాడు. జర్మన్ సంగీత సంప్రదాయానికి బయటివాడైన కండక్టర్‌కు ఆ గౌరవం అంతకుముందు దక్కలేదు. 1933 ఏప్రిల్‌లో, యూదు సంగీతకారులను ఉద్యోగాల నుంచి తరిమేయడాన్ని నిరసిస్తూ అమెరికా నుంచి హిట్లర్‌కు వెళ్ళిన తంతి మీద మొట్టమొదటి పేరు టోస్కనీనీది. హిట్లర్ స్వయంగా ఉత్తరం రాసి, బైరాయిట్‌కు తప్పక రావాలని కోరాడు. ఆయన వెళ్ళలేదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఉత్సవానికి మళ్ళాడు. 1938 ఫిబ్రవరిలో ఆస్ట్రియా కూడా హిట్లర్‌కు తలవంచుతోందని తెలియగానే, సైన్యాలు అడుగుపెట్టక ముందే దాన్నీ మానుకున్నాడు.

ఈలోగా 1936 డిసెంబరు 26న టెల్ అవీవ్‌లో మరో పని చేశాడు. యూరప్ ఆర్కెస్ట్రాల నుంచి వెళ్ళగొట్టిన యూదు వాద్యకారులను పోగుచేసి హూబర్‌మాన్ అనే వయొలిన్ విద్వాంసుడు ఒక ఆర్కెస్ట్రా కట్టాడు. దాని మొదటి కచేరీని టోస్కనీనీ నడిపాడు. పారితోషికం తీసుకోలేదు, దారి ఖర్చులూ తనవే. యూదు కుటుంబంలో పుట్టాడని జర్మనీలో నిషేధించిన స్వరకర్త మెండెల్‌సన్‌ను కార్యక్రమంలో పెట్టాడు. ఇదే తర్వాత ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్ అయింది. మన బొంబాయిలో పుట్టిన జూబిన్ మెహతా 2019 దాకా దశాబ్దాలపాటు నడిపిన ఆర్కెస్ట్రా అదే.

1938లో మరోసారి పాస్‌పోర్టు పోయింది, మరోసారి గొడవై తిరిగొచ్చింది. అంతటితో దేశం విడిచాడు. అమెరికాలో అప్పటికే ఎన్‌బీసీ రేడియో సంస్థ ఆయన కోసమే ఒక ఆర్కెస్ట్రాను కూర్చింది. మొదటి ప్రసారం 1937 డిసెంబరు 25న. ఎనిమిదో అంతస్తు స్టూడియోలో కాగితం చప్పుడు కూడా మైకులో పడకూడదని కార్యక్రమ పత్రాలను పట్టుగుడ్డ మీద అచ్చువేశారు. ఆ గదిలో నాదం మోగదు, ఎండిపోయినట్టు ఉంటుంది. ఈనాడు ఆయన రికార్డులు విని, ఇంత కరకుగా ఉన్నాయేమని ముఖం చిట్లించేవారు కొంత తప్పు ఆ గదికి కూడా పంచాలి. అక్కడి నుంచి వచ్చినవాటిలో నేను మొదట వినమనేది 1947 డిసెంబరు నాటి ‘ఒథెల్లో’. అరవై ఏళ్ళ కిందట వెర్ది మందలించిన రెండో చెల్లో వాద్యకారుడు ఇప్పుడు మొత్తం నడుపుతున్నాడు.

శామ్యూల్ బార్బర్ అనే యువ స్వరకర్త కథ చెప్పి తీరాలి. తన ‘అడాజియో’ స్కోరు పంపితే ఒక్క మాటా లేకుండా తిరిగి వచ్చింది. బార్బర్ నొచ్చుకున్నాడు. టోస్కనీనీ కబురు చేశాడు, దాన్ని వాయించబోతున్నాను, కంఠతా పట్టేశాను గనుక తిప్పి పంపాను అని. 1938 నవంబరు 5న అది ప్రసారమైంది. ఇప్పుడు అమెరికాలో పెద్ద విషాదం జరిగితే వినిపించేది ఆ రచనే.

యుద్ధకాలంలో మాత్రం ఆయన తన నియమాన్ని తానే తప్పాడు. వెర్ది ‘జాతుల గీతం’లో ఇటలీని తలచుకునే చోట ‘ద్రోహానికి గురైన నా ఇటలీ’ అని మాట మార్చాడు. వెర్ది కలగని సోవియట్ గీతాన్నీ, అమెరికా జాతీయగీతాన్నీ చివర అతికించాడు. దాన్ని అమెరికా ప్రభుత్వం ప్రచార చిత్రంగా కూడా తీసింది. కర్ర విరిచిన మనిషే ఇలా చేశాడేమని అడిగేవారున్నారు. అడగాలి కూడా. బీథోవెన్ మూడో సింఫనీ మొదటి భాగం గురించి, కొందరికి అందులో నెపోలియన్ కనిపిస్తాడు, కొందరికి హిట్లర్, ముస్సోలినీ కనిపిస్తారు, నాకైతే అది ‘అల్లెగ్రో కాన్ బ్రియో’ మాత్రమే అన్న మనిషి ఆయన. అంటే ఉత్సాహంగా, వేగంగా వాయించమని స్కోరులో ఉన్న గుర్తు. సంగీతంలో రాజకీయం లేదన్నాడు, అవసరమైనప్పుడు తెచ్చిపెట్టాడు. నా మొదటి వాదన ఇక్కడ కొంత వీగిపోతుంది. వీగిపోనివ్వండి.

1943 బాంబుదాడిలో లా స్కాలా కూలిపోయింది. పునర్నిర్మాణానికి డబ్బు పంపాడు. తిరిగి నడపడానికి రమ్మంటే, ఫాసిస్టుల జాతిచట్టాల వల్ల వెళ్ళగొట్టిన యూదు కళాకారులు మళ్ళీ ఉద్యోగాల్లో ఉండాలన్నాడు. 1946 మే 11న 79 ఏళ్ళ వయసులో ఆ శాలను మళ్ళీ తెరిచాడు. లోపల చోటు దొరకనివారు చౌకులో లౌడ్‌స్పీకర్ల కింద నిలబడి విన్నారు. 1949లో ఇటలీ రాష్ట్రపతి ఆయనను జీవితకాల సెనేటర్‌గా నియమిస్తే, తనకు బిరుదులు వద్దని వినయంగా తంతి ఇచ్చి కాదన్నాడు.

1954 ఏప్రిల్ 4. న్యూయార్క్ కార్నెగీ హాలు నుంచి రేడియో ప్రసారం, అన్నీ వాగ్నర్ రచనలే. ‘టాన్‌హాయిజర్’ మధ్యలో ఆయన చేయి తడబడింది, జ్ఞాపకం జారిపోయింది. మొదటి చెల్లో వాద్యకారుడు సైగలు చేస్తూ అందరినీ పట్టి ఉంచాడు. కంట్రోల్ రూములో ఉన్నవారు బెదిరి కాసేపు బ్రామ్స్ అనే వేరే స్వరకర్త రికార్డు వేసేశారు. ఆయన తేరుకుని చివరి అంశం దాకా నడిపించి, చప్పట్ల కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ ప్రజల ముందు కర్ర పట్టలేదు. 1957 జనవరి 16న న్యూయార్క్‌లో పోయాడు. ఖననం మిలాన్‌లో జరిగింది.

ఎన్‌బీసీ ఆర్కెస్ట్రాను రద్దు చేసింది. వాద్యకారులు విడిపోవడానికి ఒప్పుకోలేదు. 1954 అక్టోబరు 27న కార్నెగీ హాల్లో కండక్టర్ లేకుండానే కచేరీ చేశారు. అందులో ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ కూడా ఉంది, అంటే ఏదో తేలికపాటి రచన కాదు. రికార్డు దొరుకుతుంది. నేను విన్నంతవరకు వేగం ఆయనదే, వాక్యాలు తీర్చిన తీరూ ఆయనదే, అరుపులు మాత్రం లేవు. దీన్ని ఆయన గెలుపుగా లెక్కించాలో, ఆయన లేకపోయినా వాయించగల వాళ్ళ గెలుపుగా లెక్కించాలో నేనింకా తేల్చుకోలేదు. రెండో భాగం తెచ్చాను, పన్నెండు నిమిషాలు పట్టవచ్చు. విన్నాక మీ ప్రశ్నలు అడగండి.